ఐదు డిగ్రీల ఎత్తున మబ్బు

ఆ రోజుల్లో పిల్లల పుస్తకాలకు అట్టలు వేయడానికి విదేశాల వాళ్లు ఉచితంగా పంపే పత్రికలను మించిన కాగితం మెదక్‌లో దొరికేది కాదు. నున్నగా, దళసరిగా ఉండేది. వానకు తడిసినా ఓ పట్టాన చిరిగేది కాదు. రష్యావాళ్ల ట్రాక్టర్లు, అమెరికావాళ్ల వంతెనలు మా పిల్లల లెక్కల పుస్తకాల మీద వెలిసిపోయేదాకా ఉండేవి. మా హైస్కూల్లో సైన్సు చెప్పే సారు మాత్రం తనకు ఢిల్లీ నుంచి పోస్టులో వచ్చే ఫ్రెంచివాళ్ల పత్రికలో ఒక్క కాగితాన్ని కూడా ఎవరినీ ముట్టనిచ్చేవారు కాదు. సైన్సు గదిలో యాసిడ్ సీసాల పక్కన పెట్టి తాళం వేసుకునేవారు.

నేను అదే బడిలో లెక్కల టీచర్ని. ఇరవై నాలుగేళ్లుంటాయి. మిషన్ కాంపౌండులో పుట్టి, అక్కడే చదివి, అక్కడే ఉద్యోగం చేస్తున్నదాన్ని. నోటి దురుసు మా అమ్మ నుంచి వచ్చింది, లెక్కల గర్వం నేను సంపాదించుకున్నది. ఈ కథలో నా నోరు, నా లెక్క రెండూ పని చేశాయి కాబట్టి ముందే చెబుతున్నాను.

ఆ పత్రికల్లో సారుకు కావలసింది ఒక్కటే, రాకెట్ల సంగతి. చంద్రుడి మీదికి పోయేవి కావు. నిట్టనిలువుగా పైకి లేచి, అక్కడ గాలి ఎంత పలచగా ఉందో, ఎటు వీస్తోందో చూసి, కొద్ది నిమిషాల్లో తిరిగి కింద పడిపోయే చిన్న రాకెట్లు. "బాయిల నీళ్లెంత లోతున్నయో చూడనీకె రాయి గట్టి తాడు ఇడుస్తం గద. గిది పైకి ఇడిసే తాడు" అని పిల్లలకు చెప్పేవారు. మధ్యాహ్నం బడిలో అన్నాల వేళ నేను గిన్నె ఆయన ముందుకు జరిపి, "జర తినుండ్రి సార్, రాకెట్ యాడికి పోదు" అని వెక్కిరించేదాన్ని. "పోవుడే దాని పనమ్మా" అనేవారు నవ్వుతూ.

ఆ ఫ్రెంచి రాకెట్ పేరు వెరోనిక్. యుద్ధం అయిపోయాక, ఓడిన జర్మనీ నుంచి ఇంజనీర్లను తెచ్చుకుని, ఒక నది పక్కన, అడవి అంచున కూర్చోబెట్టి మొదలుపెట్టారట. మొదట్లో చేసినవి తాటిచెట్టంత ఎత్తు కూడా లేవలేదు. లోపల మంట నిలకడగా మండేది కాదు. నైట్రిక్ యాసిడ్‌తో ఏ నూనె కలిపితే సరిగా మండుతుందో తెలుసుకోవడానికే ఏళ్లు పట్టింది. ఇక లేచిన కొత్తలో వేగం చాలక పక్కకు ఒరిగిపోయేది. దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం మా సారుకు ప్రాణం. రాకెట్ తోకకు నాలుగు దిక్కులా నాలుగు ఉక్కు తీగలు కట్టారు. అది లేస్తుంటే నాలుగూ సమానంగా విప్పుకుంటూ పోయి, అది ఒరగకుండా పట్టి ఉంచేవి. కాస్త ఎత్తు పోయి వేగం అందుకోగానే తీగలు ఊడిపోయేవి. అక్కడి నుంచి దాని బతుకు దానిది.

సారు ఒక వెదురు గొట్టానికి నాలుగు దారాలు కట్టి, నలుగురు పిల్లల చేతికిచ్చి, తరగతిలో అది చేసి చూపించేవారు. "చదువు చెప్పుడు గుడ గిదే. జర దూరం పట్టుకోవాలె. అటెనక ఇడవాలె" అన్నారు ఒకసారి నాతో. ఆయన ముఖం చూస్తే ఆ మాట అనడానికే రాకెట్ గురించి చదివారేమో అనిపించింది.

తర్వాత ఫ్రెంచివాళ్లు సహారా ఎడారికి పోయి అక్కడి నుంచి ఎగరేశారు. కొత్తది చేసినకొద్దీ ఎత్తు పెరిగింది. నలభై మైళ్లు, ఎనభై, ఆ పైన నూట ఇరవై. చీకటి పడే వేళకు అంత ఎత్తున సోడియం ఆవిరిని వదిలారు. కింద చీకటైనా అక్కడ ఇంకా ఎండ ఉంటుంది. ఆ ఎండకు ఆవిరి నారింజ రంగు మబ్బులా వెలుగుతుంది. అది ఎటు సాగితే అటు గాలి ఉన్నట్టు. ఎలుకలను పంపారు. అరవై మూడు అక్టోబరులో ఒక పిల్లిని పంపి, ప్రాణాలతో దించారు. పేపర్లో పిల్లి వార్త చూసిన రోజు సారు సంబరంలో మధ్యాహ్నం అన్నం ముట్టలేదు.

"ఎడారికి ఎందుకు పోయిండ్రో ఎరికేనా?" అని ఆయనే అడిగి ఆయనే చెప్పారు. "పడితే ఇసుకల పడుతది. ఎవలికి నష్టం లేదు." నేనూ తలూపాను. ఎడారిలో కూడా మనుషులు ఒంటెలు మేపుకుంటూ బతుకుతారని అప్పుడు మా ఇద్దరికీ తట్టలేదు.

ఇదంతా ఏడు పెద్ద కాగితాల మీద రాయించి బడి వరండాలో గోడపత్రికగా అంటించాం. రాసింది ఒక అమ్మాయి. ఖిల్లాకు దక్షిణాన, ఊరు దాటి రెండు మైళ్ల దూరంలో వాళ్ల పొలం. సొంతం కాదు, కౌలుకు. దస్తూరి ముత్యాల్లా ఉండేది. అంతకంటే ముఖ్యం, లెక్క. లాగ్ టేబుల్ పేజీ ఆ పిల్ల వేలు పెట్టిన చోటే తెరుచుకునేది. నేను బోర్డు మీద సగం రాసేసరికే జవాబు వచ్చేసినా, చెప్పకుండా పెదవి కొరుక్కుని కూర్చునేది. మెట్రిక్ దాకా ఉంటే ఈ జిల్లాలో దీన్ని మించినవాళ్లు ఉండరని నాకు తెలుసు.

ఉంటుందా అన్నదే సంగతి. ఆ వానాకాలం ముందు వాళ్ల నాయిన నన్ను వెతుక్కుంటూ బడికొచ్చి, తలపాగా తీసి చేతిలో పట్టుకుని చెప్పాడు. "రెండేండ్ల సంది పంట ఎండిపోయింది టీచరమ్మా. ఈయేడు వడ్లు ఇంటికొస్తే పిల్ల సదువుతది. రాకుంటే నా ఎంబడి కూలికొస్తది. నన్ను తిట్టకుండ్రి." అందులో కఠినం ఏమీ లేదు. ఉన్న మాట చెప్పాడు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. ప్రతి సోమవారం ఆ పిల్లను చేను ఎలా ఉందని అడిగేదాన్ని. పొట్టకొచ్చింది అనేది. ఇంకో వారం, కంకి వంగింది అనేది. నవంబరు వచ్చేసరికి కోసి కుప్పేశారు. ఇక కల్లంలో కొట్టుడే తరువాయి అంది.

ఆ నవంబరులోనే పేపర్లో నాలుగు లైన్ల వార్త పడింది. కేరళ సముద్రం ఒడ్డు నుంచి మన దేశంలో మొదటి రాకెట్ ఎగరేస్తారట. పొద్దుగూకే వేళ సోడియం మబ్బు వదులుతారట. రాకెట్ అమెరికాది. మబ్బు సామాను మాత్రం ఫ్రెంచివాళ్లది. సారు ఆ పేపరు పట్టుకుని నా తరగతిలోకే వచ్చేశారు. "మనకు కనవడుతదా?" అని చిన్నపిల్లాడిలా అడిగారు.

కనపడుతుందో లేదో లెక్క వేయడం నా పని. అట్లాసు మీద దారం పెట్టి కొలిచాం, ఆరు వందల అరవై మైళ్లు. మబ్బు ఎత్తు నూట పది మైళ్లు అనుకున్నాం. భూమి వంపు తీసేశాం. చివరి గుణకారాలన్నీ ఆ పిల్లే చేసింది. దక్షిణానికి కాస్త పడమరగా, నేల అంచు మీద ఐదు డిగ్రీల ఎత్తున. చెయ్యి చాచి మూడు వేళ్లు అడ్డం పెడితే ఎంతో అంత. "మబ్బులు లేకుంటే, ఎత్తు మీదికెల్లి చూస్తే కనవడాలె" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు కలిగిన గర్వం ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఎత్తు అంటే ఖిల్లా. ఖిల్లా మీద ఒక బురుజులో కోతల కాలమంతా ఒక ముసలాయన డప్పుతో కావలి ఉండేవాడు. చుట్టుపక్కల ఏ కల్లంలో నిప్పు లేచినా ఆయనకు ముందు కనపడేది. డప్పు మోగితే ఊరంతా, ఎవరి కల్లమని అడగకుండా, బిందెలు, కుండలు పట్టుకుని కిందికి ఉరికేది. డప్పు మోగాక ఇంట్లో కూర్చున్న మగవాడికి ఆ ఏడాది ఎవరూ సాయం పోయేవారు కాదు. అంత గట్టి కట్టు అది. హిందువులకూ, తురకలకూ, మా చర్చివాళ్లకూ ఒకటే డప్పు.

సారు ఆ డప్పు అడిగారు. మబ్బు కనపడగానే కొడితే ఊరంతా ఒకేసారి ఆకాశం చూస్తుందని ఆయన ఆశ. ముసలాయన ఒప్పుకోలేదు. "మబ్బుకు డప్పు కొట్టద్దు సారూ. నిజంగ అంటుకుంటే ఎట్ల మరి?"

"ఒక్క పొద్దే గదనె. మాపటికి అర్ధగంట. ఏమైతది?" అన్నారు సారు.

నేను పక్కనే ఉన్నాను. ముసలాయన నా వైపు చూశాడు. మిషన్ టీచరమ్మ కదా, ఏదన్నా బుద్ధిగల మాట చెబుతుందని కాబోలు. "ఏం గాదు, కొట్టు" అన్నాను నేను.

ముందురోజు ఊళ్లో చాటింపు వేయించాం. రేపు పొద్దుగూకినంక ఖిల్లా డప్పు మోగితే నిప్పు కాదు, ఎవరూ పరేషాన్ కావద్దు, మిద్దెలెక్కి దక్షిణం చూడండి అని. బజారు, కచేరీ వీధి, మా కాంపౌండు, అన్నీ తిరిగాడు చాటింపువాడు. ఊరి బయట కల్లాల దగ్గరికి పోలేదు. పొమ్మని మేం చెప్పలేదు. కల్లంలోనే తిని కల్లంలోనే పడుకునే వాళ్లకు చాటింపు ఎవరు మోసుకెళ్తారన్న ఆలోచనే రాలేదు. మాకు ఊరంటే ఇళ్లే.

ఆ సాయంత్రం ముప్పై మంది పిల్లలతో ఖిల్లా ఎక్కాం. కోణమానినికి దారం కట్టి, దారానికి సీసం గుండు కట్టి నేనొక కొలత సాధనం చేసుకున్నాను. ఆ పిల్ల నోటుబుక్కు పట్టుకుని నా పక్కన నిలబడింది. పొద్దుగూకింది. చలిగాలి మొదలైంది. సారు గడియారం చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నారు. చీకటి ముదురుతున్న కొద్దీ ఆయన నడక తగ్గింది. రాదేమో అని పిల్లలు గుసగుసలాడుతున్నారు. అప్పుడు దక్షిణాన, కాస్త పడమరగా, నేల అంచు మీద నారింజ రంగు మెల్లగా లేచింది.

"అగో!" అని ఒక్క కేక వేశారు సారు. ఆ కేకలో పదేళ్ల పత్రికలున్నాయి. ముసలాయన డప్పు అందుకున్నాడు. కింద ఊళ్లో మిద్దెల మీద మనుషులు నల్లగా కనపడ్డారు. ఎవరో చప్పట్లు కొట్టారు, ఊరంతా అందుకుంది. కొందరు దండం పెట్టారు.

ఆ పిల్ల నా చీర కొంగు పట్టి లాగింది. మెల్లగా అంది, "టీచరమ్మా, గది మా కల్లం దిక్కు."

నేను సాధనం కన్నుకు పెట్టుకుని ఉన్నాను. గుండు ఊగడం ఆగింది. దారం సరిగ్గా ఐదు మీద నిలిచింది. నా లెక్క! దిక్కు అదే, ఎత్తు అదే, రంగు అదే. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు, నేను దాని కాళ్లు డిగ్రీల్లో కొలిచి మరీ చెప్పగలిగే స్థితిలో ఉన్నాను.

"నోరు మూసుకొని అంకె రాసుకో" అన్నాను.

రాసుకుంది. ఐదు అని రాసి, పక్కన డిగ్రీ గుర్తు సున్నా కూడా పెట్టింది.

ఎంతసేపు అలా చూశామో కచ్చితంగా చెప్పలేను. మబ్బు పెరిగింది. కదిలింది. పైన గాలి తూర్పుకు కొడుతోందని సారు పిల్లలకు వివరించడం మొదలుపెట్టారు. డప్పు ఆగిపోయింది. ముసలాయన బురుజు అంచుకు వచ్చి, కళ్ల మీద చెయ్యి పెట్టుకుని చూసి, అన్నాడు. "సారూ, మీ మబ్బుకు పొగ గుడ ఉంటదా?"

అప్పుడు కింద నుంచి ఒక మంట నాలుక లేచింది. ఆ పిల్ల నోటుబుక్కు నా చేతిలో పెట్టి మెట్ల మీదికి ఉరికింది. ముసలాయన మళ్లీ డప్పు కొట్టాడు, చేతులు పగిలేలా కొట్టాడు. ఊరు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టింది.

మేం వీధుల్లో పడి అరుస్తూ, జనాన్ని మిద్దెల మీంచి దింపి, రెండు మైళ్లు పోయేసరికి ఆర్పడానికి ఏమీ మిగల్లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, నిండు బిందెలతో వచ్చిన మనుషులు బూడిద చుట్టూ నిలబడ్డారు. నిప్పు ఎలా పడిందో ఎవరికీ తెలియదు. ఎవరి బీడీయో, ఎవరి లాంతరో. కుప్పంతా పోయింది. ఎద్దులను మాత్రం విప్పుకోగలిగారు. ఆ పిల్ల నాయిన రెండు చేతులూ బొబ్బలెక్కి ఉన్నాయి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. మేం నిప్పు కూడా అడగలేదు, చప్పట్లు కొట్టాం.

ఆయన మమ్మల్ని తిట్టలేదు. మేం ఏం చేశామో ఇంకా ఆయనకు తెలియదు. సారును చూసి, ఆయన ఏదో మేలు చేయడానికి వచ్చినట్టే, సంజాయిషీ చెప్పుకున్నాడు. "డప్పు ఇన్నం సారూ. ఇగ వస్తుండ్రు గద అనుకున్నం. మేం నలుగురమే ఉంటిమి. మీరొస్తుండ్రని బాట దిక్కు చూసుకుంట, ఉన్న నీళ్లే కుప్ప మీద పోసుకుంట ఉన్నం. లేకుంటే సగం కుప్పన్న పక్కకు గుంజుకుంటుంటిమి."

సారు అక్కడే నేల మీద కూర్చుండిపోయారు.

మర్నాడు పేపర్లో వచ్చింది. కేరళలో, మద్రాసు రాష్ట్రంలో వేలమంది నారింజ మబ్బును చూశారు. మా సారు గోడపత్రిక ఏడు కాగితాలూ తన చేత్తోనే ఊడదీశారు. బడికి వస్తూనే ఉన్నారు, పాఠాలు చెబుతూనే ఉన్నారు. ఆ ఏడాది ఆఖరుకు నిజాంపేట వైపు బదిలీ అడిగి తీసుకున్నారు. పోయే ముందు పత్రికలన్నీ పిల్లలకు అట్టలకు పంచేశారు. వెదురు గొట్టం, దానికి కట్టిన నాలుగు దారాలు మాత్రం సైన్సు గదిలోనే వదిలేశారు. నేను తీసుకెళ్లి ఇస్తే, "ఇడవాల్సినప్పుడు ఇడవలే నేను" అన్నారు. ఆయన కోసం ఇప్పటికీ ఏడుపొస్తుంది. ఊళ్లో అందరూ ఆయననే తిట్టారు. నేను ఆ పిల్లతో అన్న మాట ఎవరూ వినలేదు కాబట్టి నన్ను ఎవరూ ఏమీ అనలేదు.

ఆ పిల్ల వారం తర్వాత ఒకరోజు వచ్చి, లైబ్రరీ నుంచి తీసుకెళ్లిన లాగ్ టేబుల్ నా బల్ల మీద పెట్టి పోయింది. మళ్లీ బడికి రాలేదు.

తర్వాతి సంగతులు పేపర్లలోనే చదివాను. కొన్నేళ్లకు సెంటార్ అనే ఇంకో ఫ్రెంచి రాకెట్‌ను మన దేశంలోనే తయారు చేయడం మొదలుపెట్టారు. సారు ఉంటే అన్నం మానేసేవారు. అప్పటికి ఆయన లేరు. ప్రాణాలతో దించారని ఆయన మురిసిపోయిన పిల్లిని కూడా, రెండు మూడు నెలలకే, లోపల ఏం జరిగిందో చూడడానికి చంపి కోశారట. అది నేను ఎప్పుడో చాలా తర్వాత తెలుసుకున్నాను. ఎడారిలో పడితే ఎవరికీ నష్టం లేదని ఎలా నమ్మామో. మనకైతే ఎడారి కూడా లేదు. ఎటు చూసినా ఎవరిదో ఒక కల్లం ఉంటుంది.

పదేళ్లకు ఒక కోతల కాలంలో, మెదక్ బస్టాండులో ఆ పిల్ల కనపడింది. పిల్ల ఏమిటి, పెద్ద మనిషి. కూలి గుంపుతో లారీ కోసం నిలబడి ఉంది, చంకలో కొడవలి. నన్ను చూసి దగ్గరికి వచ్చింది. బాగున్నరా అంది. బాగున్నానన్నాను. కాసేపు ఇద్దరం లారీ వచ్చే బాట చూశాం.

"టీచరమ్మా, ఒకటి అడుగుత" అంది. "గా దినం, ఆ లెక్క... కరెక్టేనా?"

అది నాకు తెలుసు. కల్లం కాలిన వారం రోజులకే మళ్లీ వేసి చూశాను, ఒకసారి కాదు, ఎన్నో సార్లు. ఎక్కడా తప్పు లేదు. ఆ సాయంత్రం అసలు మబ్బు అదే దిక్కున, ఆ పొగ వెనకే, సన్నగా ఉండే ఉంటుంది.

"కరెక్టే" అన్నాను. "ఒక్క అంకె గుడ తప్పు లేదు."

ఆమె ముఖం విప్పారింది. పదిహేనేళ్లప్పుడు జవాబు సరిపోతే ఎలా వెలిగేదో అలా. "గట్లనా! నేనే ఏదో గుణకారం తప్పు జేసిననుకున్న టీచరమ్మా. నా తప్పు అంకెతోనే మీరు గా మంటను మబ్బు అనుకున్నరని, ఇన్నేండ్లు మా నాయినకు చెప్పలే. ముఖం చూడబుద్ధి కాకుండె."

నువ్వు చెప్పావు, నేనే నోరు మూసుకోమన్నాను అని అనాలి. నాలుక దాకా వచ్చింది. అంతలో లారీ వచ్చింది, మేస్త్రీ కేకేశాడు. ఆమె నవ్వుతూనే కొడవలిని పక్కనున్నవాళ్లకు అందించి, చక్రం మీద కాలు పెట్టి ఎక్కింది. నేను చెయ్యి ఊపాను. ఆ నోటుబుక్కు ఇంకా నా దగ్గరే ఉంది.